నాడి చూసే చోటే గుండెకు ద్వారం

గుండెపోటు వచ్చినప్పుడు మూసుకుపోయిన హృదయధమనిని బెలూనుతో తెరిచి, స్టెంటు అమర్చగానే గండం గడిచిందని కుటుంబసభ్యులు ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఆ తరువాతి గంటలలో గమనించవలసిన చోటు మరొకటి ఉంది. అది గొట్టం శరీరంలో ప్రవేశించిన చోటు.

1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ తొలి బెలూను చికిత్స చేసిన తరువాత చాలాకాలం వైద్యులు ప్రధానంగా గజ్జలలోని తొడధమని ద్వారానే గుండెను చేరేవారు. అది పెద్దది కనుక గొట్టం సులువుగా సాగుతుంది. కాని ఆ రంధ్రం సరిగా పూడకపోతే తొడలో రక్తం పేరుకొని వాపు రావచ్చు. ధమనిని ఆనుకొని నెత్తుటి తిత్తి ఏర్పడవచ్చు. ధమనికీ సిరకూ మధ్య అడ్డదారి పడవచ్చు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, పైకి కనిపించకుండా పొత్తికడుపు వెనుక జరిగే రక్తస్రావం.

అత్యవసర చికిత్సలో ఈ ముప్పు మరింత ఎక్కువ. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు రక్తఫలకికలు గుమిగూడకుండా చేస్తాయి. హెపారిన్, రక్తంలో సహజంగా ఉన్న యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీను శక్తిని అనేక రెట్లు పెంచుతుంది. స్టెంటులో గడ్డ కట్టనివ్వని ఈ మందులే తొడలోని రంధ్రాన్నీ త్వరగా పూడనివ్వవు.

1989లో మాంట్రియల్‌లో లూసియెన్ కాంపో మణికట్టు ధమని ద్వారా హృదయధమనులను పరీక్షించారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమనై ఆ దారినే బెలూను చికిత్సకు వినియోగించారు. మన వైద్యులు నాడి పట్టి చూసేది ఈ ధమనినే. ఇది ఎముక మీదుగా, చర్మానికి దగ్గరగా సాగుతుంది కనుక పట్టీతో నొక్కితే రక్తం ఆగుతుంది. అరచేతికి రక్తం అందించే ధమని మరొకటి ఉండడం అదనపు రక్ష. 2015లో వెలువడిన మేట్రిక్స్ పరిశోధనలో 8404 మందిని పరిశీలించగా, మణికట్టు దారిలో తీవ్ర రక్తస్రావమూ మరణాలూ తక్కువగా కనిపించాయి. అయినా ధమని మరీ సన్నగా ఉన్నవారికీ, మరికొందరికీ నేటికీ తొడదారి తప్పదు.

స్వదేశంలోని తల్లిదండ్రులకు ఇటువంటి చికిత్స జరిగినప్పుడు, దూరదేశం నుంచి ఫోనులో పరామర్శించేవారు గుండె సంగతితోపాటు గొట్టం ఏ దారిన వేశారో, అక్కడ వాపు ఉన్నదేమో కూడా అడగాలి. హఠాత్తుగా నడుమునొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, కాలు లేక చేయి చల్లబడి పాలిపోయినా తక్షణం వైద్యులకు తెలపాలి. రక్తం కారుతున్నదన్న భయంతో మాత్రలను సొంతంగా మానరాదు. మానితే స్టెంటు మూసుకుపోయి మళ్లీ గుండెపోటు రావచ్చు.