విద్యకు కావలి కాచిన వేల్పులు

నెల్లూరికి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతపు టొడ్డున, మైపాడు గ్రామమున్నది. అచ్చటి ఇసుకపై నిలిచి చూచువారికి కడలి చేతికందునంత చేరువగను, లోపల నేమున్నదో తెలియరానంత దూరముగను ఒక్కసారియే తోచును. మరుగుపడిన విద్యలకు సముద్రగర్భమును చోటుగా మన పూర్వులు భావించుటలో వింత లేదు. సోమకాసురుడు వేదములను అపహరించి కడలిలో దాగెననియు, విష్ణువు మత్స్యరూపమున వానిని వధించి వేదములను మరల తెచ్చెననియు మన పురాణగాథ. ఈ గాథకు నిలయమైన వేదనారాయణస్వామి ఆలయము మైపాడునకు దక్షిణముగా నాగలాపురమున నేటికిని పూజలందుకొనుచున్నది. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి పేర వెలయించిన ఊరని దానికి ప్రసిద్ధి.

ఈ కథలో విద్యను దాచినవాడు అసురుడు, విడిపించినవాడు దేవుడు. కాని అన్ని కథలును ఇట్లుండవు. దేవతలే విద్యకు కావలి నిలిచి, మానవుని అడ్డగించిన కథలు మన వాఙ్మయమున పెక్కు కలవు. వారేల అడ్డగించిరి? ఆ కావలి న్యాయమైనదేనా? ఈ ప్రశ్నలను శ్రోతలతో కూడి కొంత విచారింపదలచితిమి.

మొదట దధ్యఙ్ఙ మహర్షి కథ. మధువిద్యను ఎవ్వరికేని బోధించినచో నీ తల నరికెదనని ఇంద్రుడు ఆయనను బెదరించెను. అశ్వినీదేవతలు ఆ విద్యను కోరి వచ్చి యొక ఉపాయము పన్నిరి. ఋషి శిరస్సును తీసి భద్రపరచి, గుఱ్ఱపు తలను అమర్చిరి. ఆయన ఆ గుఱ్ఱపు ముఖముతోనే విద్యను ఉపదేశించెను. ఇంద్రుడు వచ్చి ఆ తలను నరికెను. అశ్వినులు వెంటనే ఋషికి సొంత తలను అతికించిరి. ఋగ్వేదమున సూచింపబడి, బృహదారణ్యకోపనిషత్తున స్మరింపబడిన ఈ గాథలో ప్రాణభయము గురువునకే కలిగినదని గమనింపవలెను. అడిగినవానికి చెప్పుటయే ఆయన చేసిన నేరము.

నన్నయభట్టారకుని ఆదిపర్వములోని కచుని కథ తెలుగువారికి చిరపరిచితము. చచ్చినవారిని బ్రదికించు మృతసంజీవని రాక్షసగురువగు శుక్రాచార్యుని యొద్ద మాత్రమే యుండెను. బృహస్పతి కుమారుడు కచుడు శిష్యుడై చేరి సేవించెను. రాక్షసులు అతనిని చంపిరి. తుదకు బూడిద చేసి సురలో కలిపి శుక్రునిచేతనే త్రావించిరి. కడుపులోనున్న శిష్యునికి విద్య చెప్పినగాని అతడు బయటపడడు. బయటపడినచో గురువు జీవింపడు. శుక్రుడు విద్య నుపదేశించెను. కచుడు వెలువడి అదే విద్యతో గురువును బ్రదికించెను. పిమ్మట దేవయాని తన ప్రేమను కాదన్న కచునకు ఆ విద్య పనిచేయదని శపింపగా, తనకు పనిచేయకున్నను తాను బోధించినవారికి పనిచేయునని అతడు బదులిచ్చెను. శాపము ఒక మనిషిని తాకగలిగినది గాని, విద్య చేతులు మారుటను ఆపలేకపోయినది.

కఠోపనిషత్తులో యముడు వేరొక విధమైన కావలివాడు. మరణానంతరము మనుజు డేమగునని బాలుడగు నచికేతుడు అడుగగా, ఈ విషయమున దేవతలకే సందేహము కలదు, వేరొక వరము కోరుకొమ్మని యముడు పలికెను. గోవులు, ఏనుగులు, బంగారము, దీర్ఘాయువు ఇచ్చెదననెను. బాలుడు వేనికిని లొంగలేదు. అప్పుడు యముడే సంతసించి తలుపు తెరచెను.

ఆరణ్యపర్వమున భరద్వాజుని కుమారుడు యవక్రీతుడు గురువు లేకయే తపస్సుచేత వేదములు పొందగోరెను. ఇంద్రుడు ముదుసలి బ్రాహ్మణుడై వచ్చి, పిడికెడు పిడికెడుగా ఇసుకను గంగలో వేయజొచ్చెను. ఏమి చేయుచున్నావని యవక్రీతుడు నవ్వగా, వంతెన కట్టుచున్నాననెను. అది అసాధ్యమని ఇతడనగా, నీ తపస్సును అట్టిదేయని అతడనెను. యవక్రీతుడు పట్టు విడువక తుదకు వరము పొందెను. పొంది గర్వించి, తప్పు త్రోవ త్రొక్కి నశించెను. మరల బ్రదికిన పిమ్మట దేవతలు అతనికి చెప్పినదేమనగా, అతనిని జయించిన రైభ్యుడు గురుశుశ్రూషచే కష్టించి చదివినవాడని.

ఇతర దేశములందును ఇట్టి కథలు కలవు. గ్రీకుల ప్రొమీథియసు నిప్పును దొంగిలించి మానవుల కిచ్చినందుకు, జ్యూసు అతనిని బండకు కట్టించి గ్రద్దచే కాలేయమును పొడిపించెను. ఉత్తరదేశపు ఓడిను దేవుడే యయ్యు, మిమిరు బావిలోని జ్ఞానజలమునకు తన కన్ను నొకదానిని వెలగా నిచ్చెను.

ఈ కావళ్లన్నియు ఒక్కటి కావు. దధ్యఙ్ఙుని బెదరించిన ఇంద్రుడు కారణము చెప్పలేదు. శుక్రుని శిష్యులు యుద్ధమున తమ పైచేయి కొరకు విద్యను దాచిరి. యముడు పరీక్షించి ఇచ్చెను. ఇసుక పోసిన ఇంద్రుడు సరియైన మార్గమును చూపెను. అడిగినవాని నడత చూచి తెరచు తలుపు న్యాయమైనది. ఎవరడిగినను తెరవని తలుపు భయమునకో స్వార్థమునకో గుర్తు.

మానవులు దేవతల పేర వేసిన కంచెలు ఈ రెండవ జాతివి. నచికేతుని యముడు అడిగినది వాని మనస్సును. మన సమాజము మాత్రము తరతరములుగా పుట్టుకను అడిగినది. స్త్రీలకును శూద్రులకును వేదము వినరానిదనిరి. వారియందు దయతో వ్యాసుడు భారతము రచించెనని భాగవతమే చెప్పుచున్నది. పిమ్మట భాష యను కంచె యొకటి మిగిలినది. 13వ శతాబ్దమున మనుమసిద్ధి యేలిన నెల్లూరియందు తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు 15 పర్వములను తెనిగించి, ఈ సీమవారికి ఆ కంచెను తొలగించెను.

కంచెలన్నియు చెడ్డవని మేమనము. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటను నిషేధింతురు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని దానికి కారణము చెప్పుదురు, గడువును చెప్పుదురు. న్యాయమైన కావలికి ఈ రెండును లక్షణములు.

ఇక కడలి దాచిన విద్య మాట. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరమును తాకిననాడు హిందూ మహాసముద్రమంతటికిని హెచ్చరిక వ్యవస్థ లేదు. 1999లో హైదరాబాదున స్థాపింపబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమునందు 2007లో అట్టి వ్యవస్థ ఏర్పడినది. ఉపగ్రహములు చూపు నీటి వేడిమిని, పచ్చదనమును బట్టి చేపలు చేరు తావులను సైతము ఆ కేంద్రము తెలుపుచున్నది. ఈ వార్తకు గోత్రమడుగు పని లేదు. విను చెవియున్న చాలును. వినినదానిని నమ్మి పడవను ఒడ్డున నిలుపుటకు కావలసిన ఓర్పును మాత్రము ఏ యంత్రమును ఈయజాలదు. పెద్దలు పిల్లలకు దగ్గర కూర్చుండబెట్టుకొని దానిని నేర్పవలసియున్నది.