డేటాబేస్ పనిచేస్తున్నా యాప్ ఎందుకు ఆగిపోతుంది?

సాఫ్ట్‌వేర్ నిపుణులు తమ కోడ్‌ను భద్రపరచుకునే వేదిక గిట్‌హబ్. 2018 అక్టోబరు 21న ఆప్టికల్ పరికరం మార్చే పనిలో, అమెరికా తూర్పు తీరంలోని దాని ప్రధాన డేటా సెంటర్‌కు నెట్‌వర్క్ తెగింది. 43 సెకన్లలో తిరిగొచ్చింది. కానీ సేవలు కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఎందుకు?

ప్రైమరీ మారింది

పెద్ద సంస్థలు డేటాను ఒకే కంప్యూటర్‌లో ఉంచవు. అనేక సర్వర్లున్న ‘క్లస్టర్’లో ఉంచుతాయి. గిట్‌హబ్ పద్ధతిలో కొత్త సమాచారం ‘ప్రైమరీ’ సర్వర్‌లోనే నమోదవుతుంది. మిగతావి దాని నకళ్లు. ప్రైమరీ అందకపోతే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ మరో సర్వర్‌ను ఆ స్థానంలో నిలుపుతుంది.

ఆ రోజు పశ్చిమ తీరంలోని సర్వర్లు ప్రైమరీలయ్యాయి. అప్పటికే తూర్పున నమోదైన కొన్ని సెకన్ల సమాచారం వాటికి చేరలేదు. రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో ఇలాంటివి 954 నమోదులు. మరోవైపు పశ్చిమాన దాదాపు 40 నిమిషాల కొత్త సమాచారం చేరిపోయింది. వెంటనే పాత ప్రైమరీకి మళ్లితే అది పోతుంది. మళ్లకపోతే తూర్పు తీరంలోని యాప్‌లు ప్రతి నమోదుకూ దేశం ఆ చివరికి వెళ్లిరావాలి. ఆ జాప్యాన్ని చాలా యాప్‌లు తట్టుకోలేకపోయాయి. అయినా గిట్‌హబ్ డేటాను కాపాడటానికే మొగ్గు చూపింది.

లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

‘కనెక్ట్ కావడం లేదు’ అన్నప్పుడు ముందు ఎర్రర్ సందేశాన్ని చదవాలి.

‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే సాధారణంగా సర్వర్ దాకా దారి ఉంది, ఆ పోర్టులో డేటాబేస్ నడవడం లేదు. ‘టైమ్‌అవుట్’ అయితే జవాబే రాలేదు. ఫైర్‌వాల్, నెట్‌వర్క్ దారి, సర్వర్‌పై భారం చూడాలి. ‘రీడ్ ఓన్లీ’ అంటే కనెక్షన్ కుదిరింది, కానీ నకలుకు. ప్రైమరీ మారినా యాప్ పాత చిరునామానే పట్టుకుని ఉండొచ్చు. ‘టూ మెనీ కనెక్షన్స్’ అంటే సర్వర్ పరిమితి నిండిపోయింది.

మాంగోడీబీ, కసాండ్రా వంటి వాటిలో ఇంకో చిక్కుంది. మొదట పలికిన సర్వర్ మిగతా సర్వర్ల చిరునామాలను యాప్‌కు ఇస్తుంది. అవి అంతర్గత నెట్‌వర్క్‌కే పరిమితమైనవైతే, బయటి యాప్ మొదటి అడుగు దాటి రెండో అడుగులో ఆగిపోతుంది. అందుకే పరీక్షను ఇంజనీర్ ల్యాప్‌టాప్ నుంచి కాక, యాప్ నడిచే సర్వర్ నుంచే చేయాలి. క్లస్టర్‌లోని ప్రతి చిరునామానూ విడివిడిగా చూడాలి.

పదేపదే ప్రయత్నిస్తే?

భారం పెరుగుతుంది. 2025 ఏప్రిల్ 12న యూపీఐ చెల్లింపులు మొరాయించినప్పుడు, కొన్ని బ్యాంకులు లావాదేవీల స్థితిని పదేపదే అడగడం వల్ల వ్యవస్థపై ఒత్తిడి పెరిగిందని ఎన్‌పీసీఐ గుర్తించింది. డేటాబేస్ కనెక్షన్లకూ ఇది వర్తిస్తుంది. విఫలమైన ప్రతిసారీ యాప్ మరికాస్త ఎక్కువసేపు ఆగి ప్రయత్నించాలి. లేదంటే కోలుకుంటున్న క్లస్టర్ మళ్లీ కూలుతుంది.