ఏటి దొరలు : వాలుగ, పండుగప్ప

అందమైన కన్నులు గల స్త్రీని మన కవులు ‘వాలుగంటి’ అన్నారు. వాలుగ చేపవంటి కన్నులు గలదని కొందరు చెప్పే అర్థం. తమాషా యేమిటంటే, అసలు వాలుగవి చిన్న కళ్లే! కవులు మెచ్చింది తోకవైపు సన్నగా సాగిన దాని వొంటినీ, నీటిలో తళుక్కుమనే మెరుపునీ కాబోలు.

నోరు చూస్తే మాత్రం ఆ కవిత్వమంతా మరిచిపోవలసిందే. అది కన్ను దాటి వెనక్కు చీలి వుంటుంది, నిండా పళ్లు. వొంటిమీద పొలుసు లేదు. బాగా పెరిగితే మీటరు పొడుగు దాటుతుంది. పగలు మడుగు అడుగున పడివుండి, చీకటి పడ్డాక చిన్న చేపల్ని వేటాడుతుంది. అందుకే గాలంవేసేవారు దీనికి బతికివున్న చిన్న చేపనో, కప్పనో యెర గుచ్చి, రాత్రి పొద్దుపోయేదాకా వోపికగా కూర్చుంటారు. జెల్లకయితే వానపాము చాలు. కాని జెల్లను గాలంనుంచి విడదీసేటప్పుడు రెక్కముల్లు జాగ్రత్త! ఇంగిలాయి ముల్లు మరీ విషం.

రెండవ దొర పండుగప్ప. ఇది పుట్టేది నదీముఖాలలో, ఉప్పునీటిలో; పిల్లగా వున్నప్పుడు యేరెక్కి మంచినీటికి వస్తుంది. మన జిల్లాలో కళింగపట్నం దగ్గర వంశధార, ఉద్దానం తీరాన బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. ఇటువంటి మొగలే దానికి రాకపోకల వాకిళ్లు. దీని జీవితంలో మరో విచిత్రం వున్నది. మొదట మగచేపగా యెదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. అంటే పెద్ద పండుగప్ప చాలావరకు తల్లిచేపే! బరువయిన చేపలనే యేరి పట్టుకుంటే గుడ్లు పెట్టేదెవరు?

చిక్కు అంతటితో తీరలేదు. తొలకరి కొత్తనీటికి వాలుగ గుడ్లు పెట్టడానికి వరద ముంచిన గట్లవైపు పోతుంది. సరిగా అప్పుడే గెడ్డలకు అడ్డంగా వలలు కడతారు. హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజి టెక్కలి వైపు పొలాలకు నీరిచ్చింది, నిజమే. యెదురీదే చేపకు మాత్రం అది గోడే. యేట్లో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నేరమన్నది. వాలుగ యిప్పుడు ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో వున్న జాతుల పట్టికకెక్కింది.

మరొక శత్రువు ఆఫ్రికా మార్పు. మన దేశవాళీ మార్పు కిలో దాటడం అరుదు. ఆ పరాయిది అనేక కిలోలు పెరిగి, దొరికిన చేపనల్లా మింగుతుంది. 2000లో కేంద్ర ప్రభుత్వం దాని పెంపకాన్ని నిషేధించింది. అయినా చెరువులనుంచి తప్పించుకున్నవి యేళ్లలో చేరుతున్నాయి.

ఆశ లేకపోలేదు. మద్రాసులోని ఉప్పునీటి మత్స్య పరిశోధనా సంస్థ 1997లో పండుగప్పచేత తొట్లలోనే గుడ్లు పెట్టించింది. చెరువులో పెంచిన చేప దొరికితే యేటి తల్లిచేపకు కాస్త వూరట.

ఇక మన వంతు. ఆషాఢ శ్రావణాలలో కడుపుతోవున్న వాలుగను కొనకండి. గాలానికి చేతికందనంత చిన్నపిల్ల చిక్కితే తిరిగి నీట వదలండి. పులుసు ఒక పూటదే. యేరు మన మనవలది కూడాను.