మల్లయ్య కొండ కింద

కాటమరాజు మొదలు గంగమ్మ దాకా తంబళ్లపల్లె సీమ దేవుళ్లందరికీ పని ఒకటే: ఊరుమ్మడి ఆస్తికి కాపలా కాయడం.

కనుమ దగ్గర పడిందంటే మదనపల్లె, పుంగనూరు, తంబళ్లపల్లె వైపు పల్లెల్లో పశువులున్నవాళ్లు అడవిదారి పడతారు. మద్ది చెక్క, నేరేడు చెక్క, మారేడు కాయలు, నల్లేరు ఏరుకొస్తారు. వాటికి ఉప్పు చేర్చి రోట్లో మెత్తగా దంచితే ఉప్పుచెక్క. పండుగనాడు ఒకరు ఎద్దు ముట్టె పైకెత్తి పట్టుకుంటే, ఇంకొకరు నోరు తెరిచి పిడికెడు పొడి లోపలికి తోస్తారు. ఆ వగరుకు ఎద్దు తల విదిలిస్తుంది, చొంగ కారుస్తుంది, పట్టుకున్నవాణ్ని నాలుగడుగులు ఈడ్చుకుపోతుంది. మింగేదాకా వదలరు. ఏడాదికోసారి వేసే ఈ మందుతో కడుపులోని చెరుపంతా పోతుందని పెద్దల నమ్మకం. ఆ తర్వాతే స్నానాలు, కొమ్ములకు రంగులు, కొత్త పలుపులు, మువ్వలు.

పొద్దు వాలే వేళకు ఊరి పశువులన్నీ పొలిమేరలో కాటమరాజు రాయి దగ్గరికి చేరతాయి. అప్పటికే అక్కడ కంపా చెత్తా కుప్ప వేసి ఉంటుంది. అదే చిట్లాకుప్ప. రాయి ముందు పొంగలి పొంగుతుంది. పూజ అయ్యాక పశువుల మీద పొలి చల్లి, కుప్పకు నిప్పు పెడతారు. మంట ఎగసేసరికి డప్పులు, కేకలు, దుమ్ము. పశువులు బెదిరి ఊళ్లోకి పరుగు తీస్తాయి.

ఆ రాయిలో ఉన్న దేవుడెవరో ఒకసారి తలచుకోవాలి. కాటమరాజు గొల్లల వీరుడు. 13వ శతాబ్దంలో, కరువొచ్చి మేత దొరక్క, శ్రీశైలం వైపు నుంచి ఆలమందల్ని తోలుకుని నెల్లూరు సీమకు పోయాడని వీరగాథ. నెల్లూరి చోడరాజు మనుమసిద్ధితో పచ్చిక బయళ్ల కోసం ఒప్పందం జరిగింది. అది తెగింది. మేతపన్ను, అంటే పుల్లరి మీద తగాదా యుద్ధమైంది. పాలేటి ఒడ్డున రాజు తరఫున పోరాడుతూ ఖడ్గ తిక్కన పడిపోయాడు. మేత బీడు ఎవరిది, దానికి పన్ను ఎంత అన్న ప్రశ్న మీద ఇంత రక్తం పారిన కథ మన సాహిత్యంలో మరొకటి కనబడదు. ఆ వీరుణ్ని మన పల్లెలు కోటలో నిలబెట్టలేదు. పశువులు మేతకు పోయే దారిలో నిలబెట్టుకున్నాయి. నా దృష్టిలో అది ఎంతో తెలివైన పని.

కొండ దేవరలు

తంబళ్లపల్లెకు అండ మల్లయ్య కొండ. పైన మల్లికార్జునుడు. శివరాత్రికి చుట్టుపక్కల మండలాల నుంచి జనం కొండెక్కుతారు. బి.కొత్తకోట వైపు పోతే ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర 19వ శతాబ్దంలో అక్కడ బంగళా కట్టుకున్నాక లోకానికి అది హార్స్‌లీ హిల్స్ అయింది. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. కొండ పాత పేరు వెనక, మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయనీ, ఆమె ఒకనాడు కనబడకుండా పోతే కొండజనం దేవతగా కొలిచారనీ కథ. చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ... ఎటు తిరిగినా ఒక దేవర. వీళ్లలో చాలామందికి గుట్టే గుడి.

కొండ మీద దేవుడున్నాడంటే అక్కడి చెట్టు నరకడానికి చెయ్యి వెనకాడుతుంది. చట్టాల కంటే ముందు పనిచేసిన భయం అది. ఆ గుట్టల నుంచే పల్లెకు సీతాఫలం, చింతపండు, ఇల్లు కప్పుకోను బోద, పొయ్యిలోకి కట్టె, గొర్రెలకు మేత వచ్చేవి. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానతో బతికే సీమ ఇది. ఆ వాన కూడా నాలుగు దెబ్బల్లో పడిపోతుంది. కొండ మీద చెట్టు నిలబడితేనే అది కింద చెరువుకు మెల్లగా దిగుతుంది. చెట్టు పోతే మట్టితో సహా దూకుతుంది.

ఈ మాటకు సాక్ష్యం దగ్గర్లోనే ఉంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో పుట్టిన పాఠశాల 1931లో కురబలకోట వైపు రిషి వ్యాలీకి వచ్చినప్పుడు చుట్టూ బోడి గుట్టలే. దశాబ్దాల పాటు మొక్కలు నాటి, మేతను అదుపులో పెట్టి, వాన నీటికి అడ్డుకట్టలు వేసి వాటిని మళ్లీ పచ్చబరిచారు. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. దక్షిణాది రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండని పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడ కూస్తోంది.

చెరువు గంగమ్మ

నందికొండల్లో పుట్టిన పాపాఘ్ని ఈ సీమ గుండా పోయి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అందుకే పూర్వులు చెరువుల్ని నమ్ముకున్నారు. కట్ట, తూము, మొరవ, కాలువ అన్నిటికీ మనుషులుండేవారు. చెరువు తవ్వించి బాగు చూసుకునేవారికి దశబంధం పేరుతో మాన్యపు భూములు దక్కేవి. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో నీరుగంటి చెప్పేవాడు, అతని మాట చెల్లేది. చెరువు నిండి మొరవ పోయిన రోజు ఊరంతా కట్ట మీదికి వచ్చి గంగమ్మకు పసుపు కుంకుమలు వదిలి, యాటను కొట్టి, అక్కడే వండుకుని తినేది. చెరువు ఎవరి సొంతమూ కాదని చిన్నపిల్లలకు కూడా తెలిపే పాఠం ఆ పంక్తి భోజనం.

పంక్తిలో కులాల గీతలు ఉండేవి. ఆ గీతల్ని దాచిపెట్టి పాత ఊరిని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఉమ్మడి బాధ్యత నిలుపుకుని గీతలు చెరిపేసుకోవాల్సింది. మనం చాలాచోట్ల గీతలుంచుకుని బాధ్యత వదిలేశాం.

కూడి బతకడం మొక్కుల దగ్గర మాత్రం ఇంకా బాగానే ఉంది. పీర్ల పండుగకు గుండం చుట్టూ తిరిగేవాళ్లలో, చదివింపులు చేసేవాళ్లలో హిందువులు తక్కువేమీ కాదు.

బోరు వచ్చాక

బోరు వచ్చాక నీరు పట్టాదారు పాసుపుస్తకంలోకి వెళ్లిపోయింది. ఎవరి చేనులో వాళ్లు తవ్వారు. టమాటాకు మదనపల్లె మార్కెట్ ఉంది, ధర పలికిన ఏడు ఆశ పుడుతుంది, ఆశతో ఇంకో బోరు. ఒక బోరు ఎండితే ఇంకాస్త లోతుకు. పక్కవాడి నీళ్లే తను తోడుతున్నానని రైతుకు తెలియక కాదు. తను ఆగితే పక్కవాడు ఆగుతాడన్న నమ్మకం లేక.

ఆ నమ్మకం మీదే ఒక ప్రయోగం జరిగింది. 2013 ప్రాంతంలో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థతో కలిసి చిత్తూరు, అనంతపురం జిల్లాల పల్లెల్లో ఒక ఆట ఆడించింది. కొందరు రైతులు కూర్చుంటారు. నీళ్లు ఎక్కువ తాగే పంటా, తక్కువ తాగే పంటా ఎవరికి వారు ఎంచుకోవాలి. ప్రతి విడతకూ భూగర్భ నీటిమట్టం ఎంత దిగిందో లెక్క చెబుతారు. మొదటి విడతల్లో ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆట అయ్యాక ఊరందరి ముందూ ఏం జరిగిందో చర్చ. తర్వాత చూస్తే, ఆట ఆడిన ఊళ్లలో భూగర్భజలానికి కట్టుబాట్లు పెట్టుకున్నవి ఎక్కువగా కనిపించాయి. ఉమ్మడి వనరుల్ని ప్రజలే కాపాడుకోగలరని నిరూపించి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిందీ ఇదే. నీరుగంటి ఉన్న రోజుల్లో మన చెరువుకట్ట మీద రోజూ జరిగిందీ ఇదే.

ఇప్పుడు హంద్రీ నీవా కాలువ వచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు మదనపల్లె, పుంగనూరు మీదుగా 2025 ఆగస్టులో కుప్పం చేరాయి. పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. సంతోషమే. వందల కిలోమీటర్లు ఎక్కి వచ్చే ఆ నీరు పూడిపోయిన చెరువులోకి, ఆక్రమించిన కాలువలోకి వస్తే ఎంతకాలం నిలుస్తుంది?

అందుకే ఈ సీమ పాఠకులకు ఒక విన్నపం. వచ్చే కనుమకు ఊరికి పోతారు కదా. చిట్లాకుప్ప దగ్గర ఊరంతా ఒకచోట ఉంటుంది. అక్కడే మాట కదపండి. మేత బీడు సర్వే నంబర్లు, చెరువు హద్దులు రెవెన్యూ రికార్డులో ఎలా ఉన్నాయో అడిగి తెలుసుకోండి. ఆక్రమణ ఉంటే గ్రామసభలో తీర్మానం రాయించండి. కొత్త బోరు వేసేముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలని మీ ఇంటివాళ్లకే ముందు చెప్పండి. ఎండాకాలం రాకముందే తూము, మొరవ బాగు చేయించుకోండి.