బ్రేకు ఏ కాలికి... గేరు ఏ కాలికి?

తెర మీద హీరో బుల్లెట్ ఎక్కుతాడు. నల్ల కళ్ళజోడు సర్దుకుంటాడు. ఒక్కటే కిక్కు... డుగ్... డుగ్... డుగ్! హాలంతా ఈలలు. నేల క్లాసులో కాగితాలు ఎగురుతాయి.

ఆ ఒక్క కిక్కు కోసం తెల్లవారుఝాము నుంచి ఎన్ని కిక్కులు కొట్టామో నా కుడికాలి పిక్కను అడగండి, చెబుతుంది!

సినిమాలకు పాత మోటారు సైకిళ్ళు సమకూర్చడం నా పని. 1975 నాటి కథ అంటే 1975 నాటి బండి కావాలి. బండి దొరకడం ఒక ఎత్తు. దానికి తగిన టైర్లు, లివర్లు, అద్దాలు వెతకడం ఇంకో ఎత్తు. అన్నీ కుదిరాక దాని మీద మనిషిని కూర్చోబెట్టడం... అదీ అసలు కథ!

"అన్నీ మోటారు సైకిళ్ళే కదా, ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే" అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. నా మోచేతి మీది మచ్చ ఆ అనుకోవడానికి గుర్తు.

కుడి ఎడమైతే...

ఇప్పుడు మీరు నడిపే బళ్ళన్నిటికీ గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి ఉంటాయి. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్‌కు మాత్రం ఇది తిరగబడింది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి! ఫస్టు గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి. ఇంగ్లండులో పుట్టిన బళ్ళు చాలావాటిది ఇదే వరస. 'షోలే' (1975)లో అమితాబ్, ధర్మేంద్ర పాడుకుంటూ వెళ్ళిన పక్కబండి మోటారు సైకిల్ గుర్తుందా? అది రెండో ప్రపంచయుద్ధం నాటి బి.ఎస్.ఏ. దానికీ కుడికాలే గేరు.

మైసూరు జావాది మరో తమాషా. ఎడమవైపు ఒకే కడ్డీ. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కర్. స్టార్టయ్యాక ముందుకు వాల్చితే గేరు! కొత్తవాళ్ళు కుడివైపు కిక్కరు కోసం తడుముకుంటుంటే చుట్టూ జనం ముసిముసి నవ్వులు నవ్వుతారు.

ఇంకా వెనక్కి వెళితే గేరు కాలికే ఉండదు. యుద్ధకాలపు హార్లే డబ్ల్యు.ఎల్.ఏ.కి క్లచ్చి ఎడమకాలి కింద, గేరు కర్ర ట్యాంకు పక్కన ఎడమచేతికి. 'ఆర్.ఆర్.ఆర్.' (2022) కథాకాలమైన 1920లలో చాలా బళ్ళకు గేరు చేత్తోనే మార్చేవారు. ఇంజనుకు నూనె కూడా మధ్యమధ్యలో చేత్తో పంపు కొట్టి పట్టాల్సిన బళ్ళుండేవి. అవి నడిపినవాడికి రెండు చేతులు చాలేవి కావేమో పాపం!

ఈ గందరగోళం వద్దని 1970ల మధ్యలో అమెరికా ప్రభుత్వం చట్టమే చేసింది. అక్కడ అమ్మే బళ్ళకు గేరు ఎడమకాలికే ఉండాలని. మన రోడ్ల మీది బుల్లెట్లు మాత్రం ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు కుడికాలిని వదల్లేదు.

ఆ రోజు ఏం జరిగిందంటే...

నేను బండి నేర్చుకున్నది మా నాన్నగారి యెజ్డీ మీద. అంటే నా కుడికాలికి బ్రేకు తప్ప మరోటి తెలియదు.

ఈ వృత్తిలోకి వచ్చిన కొత్త. హైదరాబాదు శివార్లలో పాత బంగళా ముందు షూటింగు. హీరో బుల్లెట్ మీద గేటులోంచి వచ్చి మెట్ల ముందు సుద్దముక్కతో గీసిన గీత దగ్గర ఆగాలి. అంతే షాట్. హీరోగారు ఇంకా మేకప్‌లో ఉన్నారు. కెమెరా వాళ్ళకు రిహార్సల్ కావాలి. "నేను తోలతాను" అన్నాను దర్జాగా.

గేటు దాటాను. రెండో గేరు. గీత దగ్గర పడింది. గీతకు రెండు గజాల అవతల లైట్ బాయ్ రిఫ్లెక్టరు పట్టుకుని నిలబడ్డాడు. మీసాలు కూడా రాని కుర్రాడు. ఆగాలి కదా! నా కుడికాలు తనకు తెలిసిన పనే చేసింది. గట్టిగా కిందికి తొక్కింది.

తొక్కింది బ్రేకు కాదు, గేరు! బండి మూడో గేరులో పడి కుదుపుతో ముందుకే పోయింది. గాభరాగా ముందు బ్రేకు పట్టేశాను. కంకర నేల. ముందు చక్రం జర్రున జారింది. బండి ఒకవైపు, నేనొకవైపు. రిఫ్లెక్టరు ముక్కలైంది. కుర్రాడు పక్కకు దూకాడు కాబట్టి బతికిపోయాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్నొక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

టైరు చెప్పిన నిజం

సాయంత్రం బండిని షెడ్డుకు చేర్చాను. మేస్త్రీ గారు నా మోచేతి కట్టు చూడలేదు. ముందు టైరు మీద గోరుతో నొక్కారు. గోరు దిగలేదు.

"ఈ టైరు ఎక్కడిది బాబూ?"

"పాత సరుకులో దొరికిందండీ. అచ్చం ఆనాటి గీతల టైరు. అరగనే లేదు!"

"అరగలేదు, నిజమే. ముసలిదైపోయింది. రబ్బరు చెక్కైపోతే గీతలెంత లోతుంటే ఏం లాభం? కాలిది తప్పయితే, జారడం దీనిది. రెండూ నువ్వు తెచ్చినవే."

ఆ టైరు ఎంచింది నేనే. తెర మీద అందంగా కనబడుతుందని!

బుల్లెట్ ముందు టైరు మీద రాసి ఉండే 3.25-19 అంటే, వెడల్పు మూడుంపావు అంగుళాలు, రిమ్ము పంతొమ్మిది అంగుళాలు. ముందు చక్రానికి నిలువు గీతలు, దారి తప్పకుండా. వెనక దానికి గళ్ళ అచ్చు, నేలను పట్టి తోయడానికి. దీన్ని పట్టించుకోకుండా ఇప్పటి లావుపాటి టైరు తొడిగితే ఆనాటి బండి ముఖమే మారిపోతుంది. కానీ ఆ అచ్చులోనే కొత్త రబ్బరు వేయాలి. 2000 నుంచి వచ్చిన టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మీ బండిదీ ఓసారి చూసుకోండి. ఇంట్లో అమ్మానాన్నల వయసు తెలిసినట్టే దాని వయసూ తెలియాలి.

ఇప్పుడు నా పద్ధతి

హీరో ఎంత పెద్దవాడైనా సరే, షాట్‌కు ముందు అరగంట నాది. ఇంజను ఆపేసిన బండి మీద కూర్చోబెడతాను. "బ్రేకు!" అని అరుస్తాను. ఏ కాలు కదిలిందో చూస్తాను. తప్పు కాలు కదిలితే మళ్ళీ మొదటికి. ఆ తరువాతే ఖాళీ మైదానంలో నాలుగు చుట్లు. బ్రేకు పెడలుకు ఎర్ర గుడ్డ ముక్క కడతాను, షాట్ వేళకు విప్పేస్తాను. బండి ఆగాల్సిన గీతకు ఎదురుగా మాత్రం మనిషన్నవాణ్ణి నిలబడనివ్వను.

కొందరు విసుక్కుంటారు. "నాకు పదేళ్ళుగా బండి వచ్చండీ" అంటారు. అందుకేనండీ నా భయం! బొత్తిగా రానివాడు ఆలోచించి తొక్కుతాడు. పదేళ్ళు వచ్చినవాడి కాలు ఆలోచించదు.

ఈసారి సినిమాకు వెళ్ళినప్పుడు హీరో ముఖం మీ స్నేహితులకు వదిలేయండి. మీరు మాత్రం కాళ్ళు చూడండి. పాత బుల్లెట్ మీద వచ్చి ఎడమకాలితో మెత్తగా బ్రేకు వేసి ఆగాడా? అయితే ఆ అరగంట అతను బుద్ధిగా కూర్చున్నాడన్నమాట. ఈల వేయదలిస్తే, అక్కడ వేయండి!