మాటిమాటికీ పొలమారితే

అన్నము తింటూ ఎవరికైనా పొలమారితే మన ఇళ్లలో నెత్తి మీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటాము. పిల్లలకైతే ఆ మాట సరిపోతుంది. డెబ్బై ఏండ్లు దాటినవారికి రోజూ పొలమారుతూ, ఏడాదిలో రెండు మూడుసార్లు న్యుమోనియా వస్తుంటే మాత్రము ఆ మాటతో సరిపెట్టుకోకూడదని మా సంఘములోనే నేర్చుకున్నాము.

మా సంఘ పెద్దలలో ఒకరికి అప్పటికి 76 ఏండ్లు. ఒక్క సంవత్సరములో మూడుసార్లు జ్వరము, ఆయాసము, కుడి ఊపిరితిత్తిలో నెమ్ము. ప్రతిసారీ పట్టణములో ఆసుపత్రిలో చేర్చడము, వారము పది రోజులు సూదిమందులు, ఇంటికి తీసుకురావడము, మళ్లీ అదే వరుస. క్షయ ఏమోనని కళ్లె రెండుసార్లు పరీక్ష చేయించారు. కాదన్నారు. మేము వెళ్లి ప్రార్థన చేసి వచ్చేవారము. ఇంతలో, "కోడలు సరిగా చూడదు, పడుకోబెట్టే తినిపిస్తుందట" అని వీధిలో మాట పుట్టింది. అది విని మేము కూడా ఒకనాడు ఆ సహోదరితో, "కాస్త జాగ్రత్తగా తినిపించమ్మా" అన్నాము. ఆమె తల వంచుకున్నదే గాని ఎదురు చెప్పలేదు. ఆ మాట మేము అనకుండా ఉండవలసినది.

నాలుగోసారి ఆసుపత్రి వరండాలో ఆమె మాతో చెప్పింది: "అయ్యగారూ, మధ్యాహ్నము తిన్న మెతుకులు రాత్రి దిండు మీద ఉంటున్నాయి. పుల్లని వాసన కూడా ఉండదు, తిన్నది తిన్నట్టే వస్తుంది. నీళ్లు తాగితే మెడలో గుడగుడమంటుంది." ఈ సంగతి డాక్టరుగారితో చెప్పావా అని అడిగితే, "వారు మా ఆయననే అడుగుతారు, నన్ను అడగలేదు" అన్నది. వెంటనే ఆమెను లోపలికి తీసుకువెళ్లాము. డాక్టరుగారు ఆ నాలుగు మాటలు విని, బేరియం మందు మింగించి ఎక్స్‌రే తీయించారు. గొంతు వెనుక, అన్ననాళము మొదట్లో చిన్న సంచి వంటిది తెల్లగా కనిపించింది.

మనము గుటక వేసినపుడు గొంతు అడుగున ఉన్న కండరము వదులై దారి ఇవ్వాలి. వయసు మీద పడినవారిలో కొందరికి అది సరిగా వదులు కాదు. లోపలి ఒత్తిడికి అక్కడి బలహీనమైన చోట పొర వెనుకకు ఉబ్బి సంచిలా తయారవుతుంది. దీనిని 1769లోనే ఇంగ్లండులో లడ్లో అనే వైద్యుడు వర్ణించాడు. 1877లో విపులముగా వ్రాసిన జర్మనీ వైద్యుడు జెంకర్ పేరే దానికి నిలిచింది. అరుదైనదే, ఎక్కువగా అరవై దాటిన మగవారిలో కనబడుతుంది. తిన్నదానిలో కొంత ఆ సంచిలో నిలిచి, పడుకున్నపుడు పైకి పొర్లి శ్వాసనాళములోకి జారుతుంది. కడుపులోకి చేరని ఆహారము గనుక పులుపు ఉండదు. కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టము కాస్త వెడల్పుగా, నిటారుగా ఉంటుంది గనుక జారినది చాలాసార్లు అటే పోతుంది. సూదిమందులతో నెమ్ము తగ్గుతుంది, సంచి మాత్రము అలాగే ఉంటుంది. మా పెద్దకు జరిగినదిదే. సంచి ఉన్నదని తెలియక గొట్టము దించితే అది సంచిలోకి పోయి చిరిగే ప్రమాదమున్నది. అనుమానము ఉన్నపుడు ముందు బేరియం పరీక్ష చేయడము అందుకే.

అందరికీ ఇదే కారణము అనుకోవద్దు. పెద్దవారిలో పక్షవాతము, వణుకుడు జబ్బు, మతిమరుపు జబ్బు, వీటివల్ల మింగుడు చెడిపోవడమే ఎక్కువ. వీరిలో కొందరికి దగ్గు కూడా రాదు. తిన్న తరువాత గొంతు తడిసినట్లు గరగరలాడితే అదే గుర్తు. నీరు పల్చన గనుక కొందరికి అన్నము కన్నా నీరే త్వరగా దారి తప్పుతుంది. ప్రభువు బల్లలో పాత్ర పుచ్చుకోగానే దగ్గే వృద్ధులను మేము ఎన్నో ఏండ్లు చూశాము గాని ఒక్కరినీ ఎందుకని అడగలేదు.

అరుదైన కారణాలు ఇంకా ఉన్నవి. మొదటి ముద్దలు బాగానే మింగి, భోజనము సగమయ్యేసరికి దవడలు అలసి, సాయంకాలానికి కనురెప్పలు వాలుతుంటే అది కండరాలు త్వరగా అలసిపోయే ఒక జబ్బు కావచ్చును, దానికి మందులున్నవి. అన్ననాళము అడుగు ద్వారము తెరుచుకోక ఆహారము పైన నిలిచిపోవచ్చును. మెడ ఎముక ముందుకు పెరిగి అన్ననాళాన్ని నొక్కవచ్చును. గొంతు బొంగురుపోయి దగ్గు బలహీనమైతే స్వరతంత్రి ఒకటి పడిపోయి ఉండవచ్చును, దాని వెనుక గడ్డ ఏమైనా ఉన్నదేమో చూడాలి. నెమ్ము ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే ఎప్పుడో జారిపోయిన వక్క పలుకో, కోడి ఎముకో ఊపిరి గొట్టములో ఇరుక్కొని ఉండవచ్చును.

నిద్ర మాత్రలు, మానసిక వ్యాధులకిచ్చే కొన్ని మందులు కూడా మింగుడును మందగింపజేస్తాయి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకొని డాక్టరుగారికి చూపండి. మలబద్ధకానికి పడుకోబోయే ముందు పారఫిన్ నూనె మందు తాగే అలవాటు, ముక్కులో నూనె వేసుకునే అలవాటు పెద్దలకు మంచివి కావు. నూనె దగ్గు తెప్పించకుండానే ఊపిరితిత్తిలోకి దిగుతుంది.

నోటి శుభ్రత కూడా చిన్న సంగతి కాదు. జపానులో 11 వృద్ధాశ్రమాలలో రెండేళ్లు చూసి 2002లో ప్రకటించిన అధ్యయనములో, ప్రతి భోజనము తరువాత నోరు శుభ్రము చేసినవారికి న్యుమోనియా తక్కువగా వచ్చింది. పళ్లు లేనివారిలో కూడా అంతే. తాతగారికి పళ్లే లేవు గదా అని ఊరుకోవద్దు. తినేటపుడు నిటారుగా కూర్చోబెట్టండి, చిన్న ముద్దలు పెట్టండి, తిన్నాక కనీసము అరగంట పడుకోనివ్వకండి. పరామర్శకు వెళ్లినవారు ప్రేమకొద్దీ, పడుకున్నవారి నోట్లో కొబ్బరి నీళ్లు పోయకండి.

మా పెద్దకు నోటిలోనుండే గొట్టము దించి, సంచికి, అన్ననాళానికి మధ్య గోడను కోసి దారి కలిపారు. మెడ మీద కోత లేదు. రెండేళ్లు గడిచాయి, మళ్లీ నెమ్ము చేరలేదు. ఆ సహోదరి ఇంటికి వెళ్లి మేము అన్న మాటకు క్షమాపణ అడిగాము. ఈ వ్యాసము సంగతి చెప్పినపుడు ఆమె, "దిండు మీద మెతుకుల సంగతి తప్పక వ్రాయండి అయ్యగారూ, దానిని ఎవరూ లెక్కచేయరు" అన్నది.