ఒక్క ఖాళీ గడి వల్ల ఫోన్ తారుమారైంది: ఎస్‌క్యూలైట్‌లో ‘నల్’ నాకు నేర్పిన పాఠం

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, ఐఫోన్‌లోనూ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఉంటుంది. కాంటాక్ట్స్, మెసేజ్‌లు, వాట్సాప్ చాట్లు అన్నీ అందులోనే సేవ్ అవుతాయి. సొంతంగా యాప్ రాద్దామనుకునే వాళ్లు మొదట ముట్టుకునేది కూడా దాన్నే. నేనూ అలాగే ముట్టుకున్నా, చేయి కాల్చుకున్నా.

తెనాలిలో మా మామయ్యకి మొబైల్ రిపేర్ షాపు ఉంది. రిపేర్‌కి వచ్చిన ప్రతి ఫోన్ వెనక అంటించడానికి ఓ స్టిక్కర్ ప్రింట్ చేసే యాప్ రాసిచ్చాను. జాబ్ నంబర్, కస్టమర్ పేరు, మోడల్, అన్నీ ఒకే లైన్‌లో. బ్లూటూత్ థర్మల్ ప్రింటర్ నుంచి టకటకా వచ్చేవి. నేను పెట్టిన క్వెరీ ఇది (కాలమ్ పేర్లు తెలుగులో పెట్టినా ఎస్‌క్యూలైట్ ఏమీ అనదు, కావాలంటే ట్రై చేయండి):

జాబ్ || ' - ' || ఇంటిపేరు || ' ' || పేరు || ' - ' || మోడల్

ఆ రెండు నిలువు గీతలు టెక్స్ట్‌ని అతికించే గుర్తు. నా దగ్గర టెస్ట్ చేసినప్పుడు అన్నీ పర్ఫెక్ట్. ఎందుకంటే టెస్ట్ డేటాలో ప్రతి ఒక్కరికీ ఇంటిపేరు పెట్టాను. షాపుకొచ్చే వాళ్లు అలా చెప్పరు కదా! "లక్ష్మి అని రాసుకో బాబూ" అంటారు, వెళ్లిపోతారు.

రెండో వారంలో మామయ్య ఫోన్ చేశాడు. "ఏరా, కొన్ని స్టిక్కర్ల మీద షాపు పేరు తప్ప ఇంకేం రావట్లేదేంటి?" ప్రింటర్‌లో పేపర్ సరిగా పెట్టలేదేమో అన్నాను. తప్పు ప్రింటర్‌ది కాదు, నాదే. ఆ సాయంత్రమే ఒకే మోడల్, ఒకే నలుపు రంగు ఫోన్లు రెండు, ఖాళీ స్టిక్కర్లతో ఒకే డ్రాయర్‌లో పడ్డాయి. ఒకావిడకి ఇంకొకరి ఫోన్ వెళ్లిపోయింది. ఇంటికెళ్లాక గానీ అది తనది కాదని తెలియలేదు. లాక్ ఉంది కాబట్టి సరిపోయింది. రెండో ఆవిడ మాత్రం చనిపోయిన వాళ్ల నాన్న ఫొటోలు అందులోనే ఉన్నాయని రాత్రంతా కంగారుపడ్డారట. మర్నాడు పొద్దున్నే మామయ్య బండి మీద రెండిళ్లకీ వెళ్లి, ఫోన్లు మార్చి, క్షమాపణ చెప్పి వచ్చాడు.

అసలు ఏం జరిగిందంటే, డేటాబేస్‌లో నల్ అంటే ‘ఖాళీ’ కాదు, ‘తెలియదు’. ఐదుకి తెలియని సంఖ్య కలిపితే ఎంత? తెలియదు. అలాగే టెక్స్ట్‌కి తెలియనిది అతికిస్తే మొత్తం తెలియనిదే అయిపోతుంది. ఇంటిపేరు ఒక్కటి నల్ అయితే జాబ్ నంబర్, పేరు, మోడల్ అన్నీ దాంతో పాటే గల్లంతు. ఎర్రర్ కూడా రాదు. అదే ఇందులో భయపెట్టే విషయం.

విరుగుడు కోఅలెస్ అనే ఫంక్షన్. ఇచ్చిన వాటిలో నల్ కాని మొదటి విలువని తిరిగిస్తుంది. కోఅలెస్(ఇంటిపేరు, '') అని రాస్తే ఇంటిపేరు లేనప్పుడు ఖాళీ టెక్స్ట్ వస్తుంది, లైన్ బతుకుతుంది. కానీ ఆ తర్వాత ఉన్న స్పేస్ అలాగే మిగిలి, పేరు ముందు రెండు స్పేస్‌లు కనిపిస్తాయి. చూడ్డానికి బాగోదు. సరే, కాన్‌క్యాట్ డబ్ల్యూఎస్ వాడదామనుకున్నా. మధ్యలో పెట్టాల్సిన గుర్తు ఒకసారి చెబితే చాలు, నల్ వాటిని అదే వదిలేస్తుంది. నా ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో సూపర్‌గా పనిచేసింది. షాపులో ఉన్న ఆండ్రాయిడ్ 11 ఫోన్‌లో యాప్ తెరవగానే క్రాష్!

కారణం వెర్షన్. ఎస్‌క్యూలైట్‌లోకి ఆ ఫంక్షన్ వచ్చింది 3.44లో, 2023 నవంబర్‌లో. ఆండ్రాయిడ్ 15లో ఉన్నది 3.44, ఆండ్రాయిడ్ 14లో 3.39. అంటే పాత ఫోన్లకి అలాంటి ఫంక్షన్ ఉందనే తెలియదు. రివ్యూల్లో ర్యామ్, ప్రాసెసర్ గురించి పేజీలు రాస్తాం గానీ ఈ వెర్షన్ నంబర్ ఎవరూ చూడరు, నాతో సహా.

చివరికి నన్ను గట్టెక్కించింది ఓ చిన్న ట్రిక్. నల్ అన్నిటినీ మింగేస్తుంది కదా, స్పేస్‌ని కూడా దానితోనే మింగిద్దాం:

కోఅలెస్(ఇంటిపేరు || ' ', '') || పేరు

ఇంటిపేరు ఉంటే స్పేస్‌తో సహా వస్తుంది. లేకపోతే స్పేస్‌తో సహా పోతుంది. పాత ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. ఇంకో మెలిక ఉంది: ఫారంలో గడి నింపకపోతే కొన్ని యాప్‌లు నల్ బదులు ఖాళీ టెక్స్ట్ సేవ్ చేస్తాయి. అందుకని ఇంటిపేరు ఉన్న చోట నల్ఇఫ్(ట్రిమ్(ఇంటిపేరు), '') అని పెడితే ఖాళీ కూడా నల్ అయిపోతుంది, ట్రిక్ రెండిటికీ పనిచేస్తుంది.

ఇదే క్వెరీని వేరే డేటాబేస్‌కి కాపీ పేస్ట్ చేసే ముందు ఒక్క నిమిషం. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా నిలువు గీతలంటే ‘లేదా’ అని అర్థం, అతికించడం కాదు. అక్కడ కాన్‌క్యాట్ కూడా ఒక్క నల్ ఉంటే నల్లే ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరున్న కాన్‌క్యాట్ నల్‌ని పట్టించుకోదు. ఒరాకిల్‌కైతే ఖాళీ టెక్స్ట్, నల్ రెండూ ఒకటే.

అలాగని ప్రతి కాలమ్‌కీ కోఅలెస్ తగిలించేయకండి. ఇంటిపేరు లేకపోయినా పర్లేదు, జాబ్ నంబర్ లేకపోతే పర్లేదా? అది ఖాళీగా ప్రింట్ అయితే మళ్లీ పాత కథే. అందుకే జాబ్ నంబర్ కాలమ్‌కి నల్ అసలు ఒప్పుకోకూడదని టేబుల్‌లోనే నాట్ నల్ షరతు పెట్టాను. పేరు లేకపోతే ‘పేరు అడగాలి’ అని పెద్దగా ప్రింట్ అవుతుంది. యాప్‌ని మళ్లీ ఇచ్చే ముందు, ఇంటిపేరు లేని కస్టమర్లు, పేరే లేని కస్టమర్లు, గడిలో ఒట్టి స్పేస్ కొట్టిన కస్టమర్లు, ఇలా ఓ ఇరవై మందిని కల్పించి అందరికీ స్టిక్కర్లు తీసి చూశాను.

ఇప్పుడు స్టిక్కర్లు అన్నీ సరిగ్గానే వస్తున్నాయి. అయినా మామయ్య ప్రతి స్టిక్కర్ మీదా మార్కర్‌తో జాబ్ నంబర్ మళ్లీ రాస్తున్నాడు. నేనూ వద్దనలేదు.